వింత వార్త నుండి విజ్ఞాన కల్పనకు: పాత్రధారణ క్రీడలో మా అనుభవం

కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధుడు తనకు తోడు రమ్మని అడుగగా, పశువులు కాచుకొనే గోపుడు ఒక షరతు విధించాడు. దారిలో తాను ఏ వింత చూసినా దాని కథ ఏమిటో మజిలీలో సిద్ధుడు చెప్పడానికి ఒప్పుకుంటేనే వెంట వస్తానన్నాడు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు కాశీమజిలీ కథలను పన్నెండు భాగాలుగా ఈ ఒక్క ఏర్పాటు మీదనే నడిపించారు. గోపుడు తెచ్చేది ఒక దృశ్యం మాత్రమే. దాని ముందు వెనుకలు అతనికి తెలియవు. చూసినది చూసినట్టు చెప్పి, ఎందుకు ఇట్లా ఉన్నదని అడుగుతాడు. కథ ఆ ప్రశ్నలో నుండి పుడుతుంది.

వార్తాపత్రిక లోపలి పుటలలో, పెళ్ళి ప్రకటనలకూ బంగారం ధరలకూ నడుమ, నాలుగు వాక్యాలలో ముగిసిపోయే వింత వార్తలు ఇటువంటి దృశ్యాలే. వాటిని కత్తిరించి, విజ్ఞాన కల్పనగా మార్చి, నలుగురు కూర్చొని ఆడుకొనే కథలుగా ఎట్లా మలచుకోవచ్చునో మా క్రీడాబృందం తన కొద్దిపాటి అనుభవం నుండి ఇక్కడ వివరిస్తున్నది. గ్రంథాలయంలోని పాత పత్రికలకు కిటికీల వలె రంధ్రాలు ఎందుకు పడుతున్నాయో తెలియక విస్తుపోయిన వారికి ఇది సంజాయిషీగా కూడా పనికివస్తుంది.

మొదట ఈ క్రీడ స్వరూపం చెప్పవలసి ఉన్నది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను వెలువరించారు. అది మంత్రాలు, కత్తులు, భూతాల ప్రపంచం. మూడేళ్ళకు, 1977లో, మార్క్ మిల్లర్ రచించిన ట్రావెలర్ వచ్చింది. ఇది నక్షత్రాల నడుమ తిరిగే సాధారణ మనుషుల ఆట. ఓడ అప్పులు తీర్చలేని నావికుడు, పదవీ విరమణ చేసిన సైనికుడు, పని వెదుక్కొనే వైద్యురాలు ఇందులో పాత్రలు. ఆడేవారిలో ఒకరికి ఆ లోకం అంతా తెలుసు. ఆంగ్లంలో ఆయనను రిఫరీ అంటారు. మేము సూత్రధారి అంటున్నాము. మా ఉర్దూ విభాగపు మిత్రులు దాస్తాన్‌గో అంటారు, ఆ మాట ఇంకా బాగున్నది. మిగిలినవారు తలకొక పాత్ర ధరిస్తారు. సూత్రధారి పరిస్థితిని వర్ణిస్తాడు. పాత్రధారులు తామేమి చేస్తారో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైన చోట రెండు పాచికలు వేసి తేల్చుకుంటారు. గెలుపూ ఓటమీ అంటూ విడిగా ఉండవు. కథ సాగడమే ఆట.

పాచికల పేరు వినగానే కళాశాల కమిటీ పెద్దలకు జూదం జ్ఞాపకం రావడం సహజం. ధర్మరాజు సంగతి తెలిసిన వారికీ, ఇంట్లో పాచికలు ముట్టుకోవద్దని విన్నవారికీ ఆ శంక సమానంగానే కలిగింది. పందెం లేదని మేము మనవి చేశాము. అయినా పెద్దల మాట కాదనడం ఇష్టం లేక పాచికలు మానివేసి కాగితపు చీటీలకు మారాము. ఇక్కడ గణితశాఖ విద్యార్థులు ఒక మంచి చిక్కును పట్టుకున్నారు. 2 నుండి 12 వరకు అంకెలు వేసి పదకొండు చీటీలు ఒకే టోపీలో కలిపితే ప్రతి అంకెకూ సమాన అవకాశం వచ్చి ఆట చెడిపోతుంది. రెండు పాచికలలో 7 ఆరు విధాలుగా వస్తుంది, 2 గాని 12 గాని ఒక్క విధంగానే వస్తుంది. కనుక రెండు టోపీలు పెట్టి, ఒక్కొక్క దానిలో 1 నుండి 6 వరకు చీటీలు వేసి, చెరొకటి తీసి కూడుతున్నాము. 8 గాని అంతకు మించి గాని వస్తే పని నెరవేరినట్టు లెక్క. అనగా 36 విధాలలో 15. సగానికి కొంచెం తక్కువ. బ్రతుకులో కూడా కష్టమైన పనులు ఇంచుమించు అంతేనని మా సూత్రధారి అభిప్రాయం.

ఇక అసలు విషయం. 2022 డిసెంబర్ 7వ తేదీన వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల గ్రామ పొలాలలో ఆకాశం నుండి ఒక పెద్ద గుండ్రని వస్తువు దిగింది. జనం గుమిగూడారు. గ్రహాంతరవాసుల నౌక అని కొందరన్నారు. విచారించగా అది హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుండి ఆ రోజే ఎగిరినదని తెలిసింది. యాత్రికులను బెలూన్ ద్వారా ఊర్ధ్వ వాయుమండలానికి తీసుకొనిపోవాలని సంకల్పించిన హాలో స్పేస్ అనే స్పెయిన్ దేశపు కంపెనీ, మనుషులు లేకుండా పరీక్షకై పంపిన గది అది. దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి తిరిగి దిగింది.

ఈ వార్త పట్ల మాకు ఉత్సాహం కలగడంలో వింత లేదు. మొదటిసారి దానిని ఆటగా వ్రాసినపుడు మేము చేసిన పని ఏమనగా, బెలూన్‌ను తీసివేసి నిజంగానే గ్రహాంతర నౌకను పెట్టాము. ఊరివారిని భయపడి పరుగెత్తే గుంపుగా వ్రాశాము. నగరం నుండి వచ్చే శాస్త్రజ్ఞులు పాత్రధారులు. ఆట ఒక గంట నడిచింది. ఆ ప్రాంతపు పల్లె నుండి రోజూ బస్సులో వచ్చే విద్యార్థి ఒకడు అంతసేపూ చీటీ తీయకుండా కూర్చున్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు.

"సార్, ఇందులో మా ఊరివాళ్ళకు బెదరడం తప్ప పని లేదు. అది ఎవరి పొలంలో పడిందో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. చూడవచ్చిన జనం తొక్కితే ఆ పైరు ఏమైపోవాలి?"

మాకు సమాధానం దొరకలేదు. ఆ రోజు ఆట అక్కడితో ఆపివేశాము.

తరువాతి వారం అదే వార్తను మళ్ళీ వ్రాసుకున్నాము. ఈసారి కథాస్థలం నాలుగవ మజిలీ అనే ఊహా గ్రహం. అక్కడ స్థిరపడిన వలస రైతులలో ఒకతె రహమతమ్మ. ఆమె చేనులో, కోతకు రెండు రోజుల ముందు, ఒక లోహపు గది దిగింది. లోపల నుండి సన్నని టిక్కు టిక్కు శబ్దం వస్తున్నది. దానిని పంపినవారు మరునాడు గాని రారు. చూడడానికి చుట్టుపట్ల నుండి బండ్లు కట్టుకొని వస్తున్నారు. పాత్రధారులు ఆ ఊరివారే: ఒక పశువైద్యుడు, పదవీ విరమణ చేసిన ఓడ చోదకురాలు, భూమి లెక్కలు వ్రాసే గుమాస్తా, దుబాసీ. రహమతమ్మ వారిని కోరేది రెండే కోరికలు. నా పైరు తొక్కనీయకండి, లోపల ఏమున్నదో తెలుసుకోండి. గ్రహాంతర నౌక ఉన్న ఆటలో లేని బిగువు ఇందులో వచ్చింది. చేనుకు కాపలా కాసేవాడు గదిని పరిశీలించలేడు. గదిని పరిశీలించబోతే చేను పోతుంది. నలుగురే ఉన్నారు, రాత్రి ఒకటే ఉన్నది.

వార్తను ఆటగా మార్చడంలో మేము నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. వింత వస్తువును ఇంకా వింతగా చేయడం వల్ల ఫలం లేదు. ఆ వింత వలన ఎవరి పని ఆగిపోయింది, ఎవరికి నష్టం, ఎవరికి లాభం అని అడగాలి. ఆ మనిషి దొరికితే సాహసకథకు యజమాని దొరికినట్టే. ట్రావెలర్ పరిభాషలో పని అప్పగించే ఈ మనిషిని పేట్రన్ అంటారు. 1980లో ఆ ఆటకు అనుబంధంగా 76 పేట్రన్స్ అనే చిన్న పుస్తకం వెలువడింది. అందులోని పద్ధతి మాకు ఎంతో ఉపకరించింది. పని అప్పగించే వ్యక్తి చెప్పే మాటలు ముందుగా ఉంటాయి. ఆ క్రింద సూత్రధారికి మాత్రమే, అసలు నిజం ఏమై ఉండవచ్చునో కొన్ని ప్రత్యామ్నాయాలు ఉంటాయి. పాచిక వేసి అందులో ఒకటి ఎన్నుకోవాలి. అందువల్ల ఆ పుస్తకం ముందే చదివిన పాత్రధారికి కూడా ఈసారి నిజం ఏదో తెలియదు.

వింత వార్తలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. ఏలననగా వింత వార్త వెలువడిన మొదటి రోజున లోకమంతా ఆ స్థితిలోనే ఉంటుంది. 2001 జూలైలో కేరళలోని కొట్టాయం, ఇడుక్కి జిల్లాలలో ఎర్రని వాన కురిసింది. ఉతికి ఆరవేసిన బట్టలు ఎరుపెక్కాయి. ఉల్క పేలి ఉంటుందని ఒక మాట, ఎడారి దుమ్ము అని ఒక మాట. ప్రభుత్వం కోరగా పరీక్షించిన సంస్థలు, ఆ రంగు ట్రెంటిపోలియా అనే శైవలపు సిద్ధబీజాల వలన వచ్చినదని ఆ సంవత్సరమే తేల్చాయి. అయినా మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు, ఆ కణాలు తోకచుక్క నుండి వచ్చినవి కావచ్చునని 2006లో ఒక ప్రతిపాదన ప్రకటించారు. శాస్త్రజ్ఞులలో అధికులు దానిని అంగీకరించలేదు. మాకు మాత్రం ఇందులో ఆరు చీటీలు సిద్ధంగా దొరికాయి. శైవలం, దుమ్ము, తోకచుక్క అనే మూడూ వార్తలోనివే. పై ఊరి అద్దకపు కార్ఖానా, ఎవరో రహస్యంగా జరిపిన ప్రయోగం, ఆ గ్రహపు వానలు మొదటి నుండీ ఎర్రనివే కాని పాత నమోదులు తగులబడిపోయాయి అనే మూడూ మేము చేర్చినవి. చివరిది మా ఉర్దూ విభాగపు విద్యార్థిని కల్పన. ఆరింటిలో అదే మాకు ఎక్కువ నచ్చింది.

నిజం సాదాసీదాగా ఉంటే ఆట చప్పబడుతుందని కొందరి భయం. దీనికి ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శిని ఉదంతం చాలును. అక్కడ కొన్నేళ్ళ పాటు అప్పుడప్పుడు క్షణకాలపు సంకేతాలు నమోదయ్యాయి. సుదూర విశ్వం నుండి వచ్చే రేడియో మెరుపులను అవి కొంత పోలి ఉండేవి. పగటి వేళలలోనే, అందులోనూ భోజన సమయం చుట్టుపట్ల ఎక్కువగా కనిపించేవి. అసలు దొంగ 2015లో దొరికింది. అది వంటగదిలోని మైక్రోవేవ్ పొయ్యి. వంట పూర్తికాక ముందే ఎవరో ఓపిక లేక తలుపు తెరిచినపుడు ఆ సంకేతం వెలువడేది. దీనిని మేము ఒక దూరపు అంతరిక్ష స్థావరంలో పెట్టి ఆడాము. గ్రహాంతర సందేశం వచ్చిందని రాజధానికి అప్పటికే తంతి పోయింది, నౌకాదళం బయలుదేరింది, ఆపైన గాని వంటవానికి సంగతి తట్టలేదు. ఆ సాయంత్రం మా గదిలోని నవ్వులు ప్రిన్సిపాల్ గారి గది దాకా వినిపించాయని తరువాత తెలిసింది.

అన్ని వార్తలూ నవ్వుకు తగినవి కావు. ఈ విషయంలో మా బృందంలో చాలా రోజులు వాదోపవాదాలు జరిగాయి. 1986 ఆగస్టు 21వ తేదీ రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ అనే సరస్సు నుండి బొగ్గుపులుసు వాయువు ఒక్కసారిగా పైకి వచ్చి లోయల వెంట పారింది. దాదాపు 1,700 మంది మరణించారు. వేలాది పశువులు చనిపోయాయి. అగ్నిపర్వతపు అడుగు నుండి ఊరే వాయువు ఆ సరస్సు లోతు నీటిలో కరిగి పేరుకొని ఉండినది. పైనీరు మూతవలె అదిమి ఉంచినంత కాలం భయం లేదు. ఏ కారణం చేతనో అడుగు నీరు పైకి కదిలితే సోడాబుడ్డి మూత తీసినట్టే. ఆ వాయువు గాలి కంటె బరువైనది కనుక పల్లానికి ప్రవహిస్తుంది, వాగు వెంట ఊళ్ళలోనికి వస్తుంది.

విజ్ఞాన కల్పనకు ఇంతకు మించిన ముడిసరుకు లేదని ఒక పక్షం. మరణించినవారి తల్లులు, బిడ్డలు ఇంకా ఉన్నారు, వారి రాత్రిని మనం సాయంకాలపు వినోదం చేసుకోరాదని మరొక పక్షం. రెండవ పక్షం మాటే చివరకు నిలిచింది, కాని కథను వదలివేయలేదు. దానికి కారణం ఆ ఉదంతంలోనే దొరికింది. న్యోస్‌కు రెండేళ్ళ ముందు, 1984లో, అదే దేశంలోని మొనూన్ సరస్సు వద్ద 37 మంది ఇదే విధంగా చనిపోయారు. అప్పుడు కారణం వెంటనే బోధపడలేదు. పరిశోధకులు సరస్సును అనుమానించారు గాని, ఆ మాట నలుగురికీ చేరేసరికి న్యోస్ జరిగిపోయింది.

కనుక మా ఆట ఆ ఇద్దరి నడుమ ఉన్న రెండేళ్ళలో జరుగుతుంది. గ్రహం వేరు, సరస్సు వేరు, వాయువు మాత్రం అదే. పాత్రధారులు మొదటి చిన్న ప్రమాదపు దస్త్రాన్ని చదివిన గుమాస్తాలు. ఇంకొక సరస్సు కూడా అట్లాంటిదేనని వారికి అనుమానం. ఒడ్డున ఉన్నవారు తరతరాలుగా అక్కడివారు. సారవంతమైన నేల, మంచి గడ్డి. ఎవరో వచ్చి నీరు చంపుతుందంటే లేచి ఎట్లా పోతారు? పై అధికారికి నిదర్శనం కావాలి. నిదర్శనం లోతు నీటిలో ఉన్నది, దానిని తేవడానికి పడవ కావాలి, పడవకు పై అధికారి సంతకం కావాలి. నిజమైన న్యోస్‌లో 2001లో సరస్సు మధ్యన నిలువుగా గొట్టం దింపి అడుగునీటిని కొద్దికొద్దిగా పైకి చిమ్మించి వాయువును వెళ్ళగొట్టడం ప్రారంభించారు. ఒకసారి మొదలైతే లోపలి వాయువే నీటిని తోస్తుంది, పంపు అక్కరలేదు. ఈ ఉపాయం మా పాత్రధారులలో ఒకరికి తనంత తానుగా తోచడం ఈ సంవత్సరపు ఆటలలో మాకు మరపురాని ఘట్టం. ఆ విద్యార్థిని భౌతికశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నది. గొట్టం దింపడానికి ఆమె తీసిన చీటీలు 3, 4. నెరవేరలేదు. ఒకరూ మాట్లాడలేదు. చివరకు దుబాసీ పాత్రధారి, "అయితే మనుషులనే కదిలిద్దాం, ఇల్లిల్లూ తిరుగుదాం" అన్నాడు. నాలుగు వారాల ఆటలో ఒడ్డున ఉన్న ఊళ్ళలో సగం ఖాళీ అయ్యాయి. మిగిలిన సగం సంగతి ఇంకా తేలలేదు.

మన నగరానికి సంబంధించిన వార్త ఒకటి చెప్పి ముగిస్తాము. హిమాలయాలలో 5,000 మీటర్లకు పైబడిన ఎత్తున రూప్‌కుండ్ అనే చిన్న సరస్సు ఉన్నది. దాని చుట్టూ వందలాది మనుషుల ఎముకలు పడి ఉన్నాయని 1942లో అటవీశాఖ ఉద్యోగి ఒకరు గమనించారు. ఒకే తుఫానులో చిక్కుకొన్న యాత్రికుల గుంపు అయి ఉంటుందని చాలాకాలం తలచారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన 2019లో వెలువడి ఆ లెక్కను తారుమారు చేసింది. 38 మంది అస్థికల నుండి జన్యుపదార్థం లభించగా, వారిలో 23 మంది దక్షిణాసియా వారు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వారిని పోలినవారు, ఒకరు ఆగ్నేయాసియాకు చెందినవారు. మరణించిన కాలం కూడా ఒకటి కాదు. మొదటివారు సుమారు క్రీ.శ. 800 ప్రాంతాన ఒకటికి మించిన పర్యాయాలలో, మిగిలినవారు దాదాపు వెయ్యేళ్ళ తరువాత. అంత దూరపు మనుషులు ఆ కొండకు ఎందుకు వచ్చారో నేటికీ తెలియదు. దీనికి మేము ఇంకా ఆరు చీటీలు వ్రాయలేదు. రెండు వ్రాసి చించివేశాము. ఇంతకంటె మంచివి రాగలవని అందరికీ అనిపించింది.

వచ్చే సంవత్సరానికి మేము స్కైలాబ్‌ను ఎంచుకున్నాము. 1979 జూలై 11వ తేదీన ఆ అమెరికన్ అంతరిక్ష కేంద్రం వాయుమండలంలో విచ్ఛిన్నమై, దాని శకలాలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. అక్కడి ఎస్పెరెన్స్ పట్టణ పాలకవర్గం చెత్త పారవేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా కూడా వ్రాసింది. అది పడక ముందు మన పల్లెలలో చావు తప్పదనుకొని మేకలూ కోళ్ళూ కోసుకొని తిన్నవారు, అప్పులు తీర్చినవారు, అప్పులు ఎగవేసినవారు కూడా ఉన్నారని పెద్దలు చెబుతారు. ఆ కథతో 2021లో స్కైలాబ్ పేర తెలుగు చలనచిత్రం కూడా వచ్చింది. కాని మాకు కావలసినది ఇళ్ళలోని మాటలు. ఆ వారంలో మీ నానమ్మ, మీ దాదీ, మీ తాతగారు ఏమి చేశారో, ఎవరితో ఏమన్నారో అడిగి, ఉర్దూలో గాని తెలుగులో గాని ఒక పుటకు మించకుండా వ్రాసి గ్రంథాలయ ద్వారం ప్రక్కనున్న పెట్టెలో వేయవలసినదిగా కోరుతున్నాము. ఊరి పేరు తప్పక వ్రాయాలి. వారి పేరు వ్రాయనక్కరలేదు.